డబ్ల్యూ ఒక్కటే ఉన్న కీబోర్డు

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను రాసిన ఒక ప్రోగ్రాం 4250 అని కొట్టాల్సిన చోట 450 అని కొట్టింది. ల్యాబ్‌లో అయితే రెండు మార్కులు పోయేవి, అంతే. కానీ అది ఒక రైతు ట్రాక్టర్‌లో తోలుకొచ్చిన ధాన్యం తూకం, కిలోల్లో. పక్కన కూర్చున్న అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. ట్రాక్టర్ లోడు నాలుగొందల యాభై కిలోలు ఏంట్రా అన్నట్టు నా వైపు ఒక చూపు చూసింది.

అమ్మ తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసులో పని చేస్తుంది. కాటా దగ్గర ఒక కంప్యూటర్, ఆఫీసులో ఇంకొకటి. ఈ రెండింటికీ మాటల్లేవు. కాటా చీటీల లెక్క అంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్సెల్ షీట్‌గా వస్తుంది. అమ్మ దాన్ని ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని, ఆఫీసులో ఉన్న పాత అకౌంట్స్ ప్రోగ్రాంలో మళ్ళీ మొదటి నుంచి కొడుతుంది. రైతు పేరు, ఊరు, బండి నంబరు, బస్తాలు, తూకం, తేమ శాతం. సీజన్‌లో రోజుకి రెండొందల చీటీల పైనే. డిసెంబర్ వచ్చేసరికి కుడి మణికట్టుకి క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని తిరుగుతుంది.

ఆ పాత ప్రోగ్రాంకి ఫైల్ ఇస్తే తీసుకోదు. దానికి తెలిసిందల్లా కీబోర్డే. సరే, అయితే కీబోర్డులాగే నటిద్దాం అనుకున్నాను. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మనం ఒక కీ నొక్కితే విండోస్‌కి వెళ్ళేవి రెండు వార్తలు. కీ కిందకి వెళ్ళింది అని ఒకటి, పైకి వచ్చింది అని ఇంకొకటి. కీ పేరు కూడా కాదు, ఒక నంబరు. డబ్ల్యూ అయితే 87. ఎంటర్ అయితే 13. సెండ్‌ఇన్‌పుట్ అనే ఫంక్షన్‌తో ఆ రెండు వార్తల్నీ మన కోడ్ నుంచే అదే వరుసలోకి తోసేయొచ్చు. అవతల ఉన్న మామూలు ప్రోగ్రాంకి తేడా తెలీదు. వేలు ఉందా లేదా అని అది అడగదు. (పనిగట్టుకుని అడిగితే విండోస్ చెబుతుందనుకోండి, ఇది వేలు కాదు కోడ్ అని. కానీ అడిగేవాళ్ళు తక్కువ.)

పైథాన్‌లో నలభై లైన్లు. నాకైతే గర్వంగా అనిపించింది. రన్ చేస్తే 450. ఎందుకంటే నా కోడ్ అక్షరాలన్నీ ఒక్కసారిగా కుమ్మరించేస్తోంది, ఆ పాత ప్రోగ్రాం ఒక్కో గడిలో ఏదో సరిచూసుకుంటూ మధ్యలో ఒకటీ అరా వదిలేస్తోంది. ఇంకోసారి షిఫ్ట్ కీ కిందకి నొక్కి, పైకి తియ్యడం మర్చిపోయాను. అంకెలు కొట్టాల్సిన చోటంతా డాలర్లు, స్టార్లు వచ్చాయి. చివరికి ప్రతి కీ తర్వాత 30 మిల్లీసెకన్లు ఆగమని రాశాక దారికొచ్చింది.

కీలు మరీ త్వరగా ఒకదాని వెనక ఒకటి వస్తే మెషిన్ తికమకపడుతుంది, కాస్త ఎడం ఉండాలి. ఈ మాట ఎక్కడో చదివినట్టుందే అనిపించి వెతికాను. అలా దొరికాడు క్రిస్టఫర్ లేథమ్ షోల్స్. మనందరి కీబోర్డు మీద క్వర్టీ వరుస ఉండటానికి కారణమైన మనిషి. ఆయన గురించి నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే. సెలవుల్లో మిగిలిన రోజులన్నీ ఆయన వెనకే పోయాయి.

షోల్స్ 1819 ఫిబ్రవరి 14న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మూర్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కుర్రతనంలోనే ప్రింటింగ్ ప్రెస్‌లో పని నేర్చుకోవడానికి చేరాడు. అప్పటి ప్రెస్ పని అంటే, సీసపు అక్షరాలు గళ్ళ పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చి, లైను కట్టడం. నాకు అక్షరం అంటే నంబరు. ఆయనకి అక్షరం అంటే చేతిలో బరువు తెలిసే లోహపు ముక్క. ఆయన తర్వాత చేసిందంతా అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

1837లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, విస్కాన్సిన్ వైపు వెళ్ళిపోయాడు. అప్పటికి అది రాష్ట్రం కూడా కాదు, కొత్తగా జనం చేరుతున్న ప్రాంతం. మిషిగన్ సరస్సు ఒడ్డున సౌత్‌పోర్ట్ అనే ఊళ్ళో (ఇప్పటి కెనోషా) పత్రిక నడిపాడు. 1841లో పెళ్ళి. పదిమంది పిల్లలు. పత్రిక నుంచి రాజకీయాల్లోకి వెళ్ళి, రాష్ట్ర సెనేట్‌లో, అసెంబ్లీలో కూర్చున్నాడు. ఒకసారి డెమోక్రాట్, ఒకసారి బానిసత్వం విస్తరించకూడదనే ఫ్రీ సాయిల్ పార్టీ, తర్వాత రిపబ్లికన్. మన దగ్గరైతే గోడ దూకాడు అంటారు. ఆ రోజుల్లో పార్టీలే పగిలిపోతూ, కొత్తవి పుడుతూ ఉన్నాయి మరి.

టైప్‌రైటర్ గురించి వెతికేవాళ్ళు ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు. నేను దాటలేకపోయాను. 1851 ఆగస్టులో కెనోషాలో జాన్ మెకఫరీ అనే వ్యక్తిని, భార్యను చంపిన నేరానికి, బహిరంగంగా ఉరి తీశారు. చూడటానికి వేలమంది వచ్చారు. ప్రాణం పోవడానికి చాలా సేపు పట్టింది, జనం చూస్తూనే ఉన్నారు. షోల్స్ తన పత్రికలో ఆ ఉరిని గట్టిగా ఖండిస్తూ రాశాడు. రాసి ఊరుకోలేదు. అసెంబ్లీలో సభ్యుడయ్యాక మరణశిక్ష రద్దు బిల్లు కోసం పట్టుబట్టాడు. సెనేట్ వైపు మార్విన్ బోవీ అనే ఆయన పోరాడాడు. 1853లో చట్టం అయ్యింది. విస్కాన్సిన్ రాష్ట్రం తన చరిత్రలో అమలు చేసిన ఉరి ఆ ఒక్కటే. అప్పుడు తీసేసిన శిక్షని ఈ రోజు దాకా మళ్ళీ పెట్టలేదు. క్వర్టీ లేకపోయినా ఈ మనిషి గురించి ఎవరో ఒకరు రాయాల్సిందే అని నాకు అనిపించింది.

తర్వాత మిల్వాకీకి మారాడు. అక్కడ కూడా పత్రికలే. లింకన్ కాలంలో రేవులో సుంకాలు వసూలు చేసే అధికారి ఉద్యోగం వచ్చింది. జీతం నమ్మకంగా వచ్చే పని, సాయంత్రాలు ఖాళీ. ఆ ఖాళీలోనే మెషిన్ల పిచ్చి ముదిరింది. అంతకుముందే ఒకసారి, తన ప్రెస్‌లో కంపోజిటర్లు సమ్మె కడితే, అక్షరాలు పేర్చే మెషిన్ చెయ్యాలని చూసి విఫలమయ్యాడని చెబుతారు. అంటే పనివాళ్ళు చేతులు దింపేస్తే, చేతులు లేకుండా పని నడిపించాలని చూశాడన్నమాట. ఉరి తాడు చూసి చలించిన మనిషి, సమ్మె దగ్గర యజమానిలాగే ఆలోచించాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం నాకు మొదట మింగుడుపడలేదు. అమ్మ ప్రోగ్రాం పూర్తయ్యే రోజుకి కొంత అర్థమైంది, అది చివర్లో చెబుతాను.

మిల్వాకీలో క్లైన్‌స్టూబర్ అనే ఆయనకి ఒక మెషిన్ షాపు ఉండేది. మన కాలేజీ వర్క్‌షాపు లాంటిది అనుకోండి, కాకపోతే అక్కడికి ఇష్టపడి వచ్చేవాళ్ళు. షోల్స్, శామ్యూల్ సూల్ అనే మరో ప్రింటర్ కలిసి అక్కడ పేజీలకి, టికెట్లకి వరుసగా నంబర్లు వేసే మెషిన్ చేశారు. 1866లో పేటెంట్ వచ్చింది. అదే షాపులో కార్లోస్ గ్లిడెన్ అనే లాయర్ తన కొత్తరకం నాగలి మీద పని చేసుకుంటూ ఉండేవాడు. లాయరుకి నాగలెందుకో నాకు తెలీదు. ఆయన వీళ్ళ మెషిన్ చూసి, నంబర్లు కొట్టేది అక్షరాలు ఎందుకు కొట్టకూడదు అని అడిగాడు. 1867లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జాన్ ప్రాట్ అనే ఆయన చేసిన రాత మెషిన్ గురించి వచ్చిన వ్యాసం కూడా వీళ్ళ కంట్లో పడింది. చదివిన షోల్స్‌కి, ఇది మరీ గజిబిజిగా ఉంది, ఇంతకంటే తేలిగ్గా చెయ్యొచ్చు అనిపించింది. మన గ్రూపులో ప్రతి ప్రాజెక్టూ ఈ మాటతోనే మొదలవుతుంది కదా.

షోల్స్ చేసిన మొదటి ప్రయోగం నాకు అన్నిటికన్నా నచ్చింది. టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో కటకట కొట్టే మీట ఒకటి తీసుకున్నాడు. దాని ఒత్తిడికి పైకి లేచే ఒక చిన్న కమ్మీ చివర ఒకే ఒక్క అక్షరం చెక్కి పెట్టాడు. పైన ఒక గాజు పలక. గాజుకి, అక్షరానికి మధ్యలో కాగితం, కార్బన్ పేపర్. మీట నొక్కితే కమ్మీ లేచి గాజుకి కొట్టుకుంటుంది, కాగితం మీద అక్షరం పడుతుంది. కాగితాన్ని కొంచెం కొంచెం జరుపుతూ నొక్కితే వరుసగా పడతాయి. ఆ అక్షరం డబ్ల్యూ. ప్రపంచంలో మరే పనికీ రాని కీబోర్డు అది. డబ్ల్యూ, డబ్ల్యూ, డబ్ల్యూ. అయినా చూసినవాళ్ళకి విషయం అర్థమైపోయింది. ఒకటి పడితే మిగతావీ పడతాయి. నేను కూడా సెండ్‌ఇన్‌పుట్ మొదటిసారి పని చేసినప్పుడు నోట్‌ప్యాడ్ తెరిచి ఒకే అక్షరం పంపాను. ఇది చదివాక మళ్ళీ తెరిచి, కావాలని 87 పంపి చూశాను.

ఆ తర్వాత చేసిన మెషిన్‌కి కీలు పియానోకి ఉన్నట్టే ఉండేవి. తెల్లవి ఒక వరుస, నల్లవి ఒక వరుస. అక్షరాలు ఇంచుమించు అకారాది క్రమంలోనే. 0, 1 లేవు, వాటికి బదులు ఓ, ఐ అక్షరాలు కొట్టుకోవాలి. 1868 జూన్ 23న షోల్స్, గ్లిడెన్, సూల్ ముగ్గురి పేరుతో పేటెంట్ వచ్చింది. పేటెంట్ వచ్చింది కానీ డబ్బులేవి? ఆ మెషిన్ మీదే ఉత్తరాలు కొట్టి తెలిసినవాళ్ళకి పంపారు. అలా ఒక ఉత్తరం జేమ్స్ డెన్స్‌మోర్ చేతిలో పడింది. డెన్స్‌మోర్ కూడా ఒకప్పుడు పత్రికలు నడిపినవాడే, తర్వాత పెట్రోలు వ్యాపారంలోకి వెళ్ళాడు. మెషిన్‌ని కళ్ళతో చూడకుండానే 600 డాలర్ల పాత ఖర్చులు కట్టి పావు వాటా కొనేశాడు. తీరా వచ్చి చూసి, ఇది ఆలోచన బాగుందని చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదని తేల్చేశాడు. గ్లిడెన్, సూల్ మెల్లగా తప్పుకున్నారు. షోల్స్ మిగిలాడు, నెత్తి మీద డెన్స్‌మోర్.

ఈ డెన్స్‌మోర్ చేసిన గొప్ప పని ఏంటంటే మెషిన్లు చేసిన ప్రతిసారీ వాటిని రోజంతా వాడేవాళ్ళకి ఇచ్చి చూడమనడం. అలా వాషింగ్టన్‌లో జేమ్స్ క్లెఫేన్ అనే షార్ట్‌హ్యాండ్ రిపోర్టర్‌కి పంపారు. ఆయన పంపిన ప్రతి మెషిన్‌నీ వాడి వాడి విరగ్గొట్టి, ఎక్కడెక్కడ తప్పుందో చాంతాడంత ఉత్తరం రాసేవాడు. షోల్స్‌కి ఒళ్ళు మండేది. ఇక నా వల్ల కాదని వదిలేయబోయాడు కూడా. తప్పులన్నీ కస్టమర్ చేతిలో బయటపడేకంటే ఇప్పుడే బయటపడటం మంచిది కదా అని డెన్స్‌మోర్ బుజ్జగించి, బతిమాలి, ఒక్కోసారి బెదిరించి మళ్ళీ కూర్చోబెట్టేవాడు. అలా ఏళ్ళ తరబడి, ఒకదాని తర్వాత ఒకటి, ఇరవై ముప్పై నమూనాలు. మనకి టెస్టింగ్ సబ్జెక్టులో చెప్పే పాఠం అంతా ఈ ముగ్గురి తగువులోనే ఉంది. ఈ క్లెఫేన్‌ తర్వాత లైనోటైప్ అనే, అచ్చు లైన్లు పోత పోసే మెషిన్ పుట్టడానికి కూడా అండగా నిలిచాడు. ఊరికే విరగ్గొట్టే మనిషి కాడన్నమాట.

ఇక అసలు సంగతి. ఆ మెషిన్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో కమ్మీ. అన్నీ ఒక గుండ్రటి బుట్టలో వేలాడుతూ ఉంటాయి. కీ నొక్కితే దాని కమ్మీ పైకి లేచి, కాగితం అడుగు వైపు కొట్టి, మళ్ళీ తన బరువుతోనే కిందకి పడాలి. స్ప్రింగ్ లేదు. అది కిందకి పడేలోపు పక్కనే ఉన్న కమ్మీ లేస్తే, రెండూ ఒకదానికొకటి తగిలి ఇరుక్కుపోతాయి. అంటే కీ డౌన్ అయ్యాక కీ అప్ పూర్తి కాకముందే ఇంకో కీ డౌన్. నా 450 కథే, ఇనుములో. ఇంకా ఘోరం ఏంటంటే అక్షరం కాగితం అడుగున పడుతుంది కాబట్టి కొట్టేవాళ్ళకి కనబడదు. మూడు నాలుగు లైన్లు పైకి జరిగాక కానీ ముందు ఏం తప్పు కొట్టామో తెలీదు.

అందుకే కలిసి వచ్చే అక్షరాల్ని దూరం చేస్తూ పోయాడని, అలా అకారాది క్రమం చెదిరి క్వర్టీ అయ్యిందని ఎక్కువగా చెబుతారు. టైపిస్టుల వేగం తగ్గించడానికే క్వర్టీ పెట్టారు అనే మాట యూట్యూబ్‌లో బోలెడుసార్లు విన్నాను, అది మాత్రం సరికాదు. కమ్మీలు ఇరుక్కోకపోతే పని ఆగదు, వేగం పెరుగుతుంది కానీ తగ్గదు. పైగా ఇంగ్లీషులో ఎప్పుడూ కలిసి తిరిగే ఈ, ఆర్ రెండూ క్వర్టీలో పక్కపక్కనే ఉన్నాయి, చూడండి. జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు అయితే కమ్మీల కథనే ఒప్పుకోరు. మొదట్లో ఈ మెషిన్లు వాడినవాళ్ళు మోర్స్ సంకేతాలు విని రాసుకునే టెలిగ్రాఫ్ వాళ్ళు, వాళ్ళ అవసరాల కోసమే అక్షరాలు అటూ ఇటూ మారాయని వాళ్ళ వాదన. నాకు రెండూ కొంత నిజమే అనిపిస్తుంది. అయిదారేళ్ళ పాటు రకరకాల మనుషులు విరగ్గొట్టి తిట్టిపోసిన మెషిన్‌కి ఒకే కారణం ఎలా ఉంటుంది? నా నలభై లైన్ల కోడ్‌లోనే ఎందుకు రాశానో నాకే గుర్తులేని లైన్లు నాలుగున్నాయి.

1873 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌లో రెమింగ్టన్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. రెమింగ్టన్ అంటే తుపాకులు, కుట్టు మిషన్లు. అందుకే మొదటి టైప్‌రైటర్ చూస్తే అచ్చం కుట్టు మిషన్‌లా ఉంటుంది. ఒంటి నిండా పూల బొమ్మలు, కింద తొక్కుడు చెక్క. లైను అయిపోతే కాలితో తొక్కితే కాగితం ఉన్న బండి మళ్ళీ మొదటికి వచ్చేది. తర్వాత ఆ పని చేతి మీటకి మారింది. మన ఎంటర్ కీకి విండోస్ లోపల ఇప్పటికీ రిటర్న్ అనే పేరు. అక్కడ వెనక్కి తిరిగి రావడానికి బండేమీ లేదు, పేరొక్కటే మిగిలింది.

డబ్బు విషయంలో షోల్స్ తొందరపడ్డాడు. తన హక్కులు 12,000 డాలర్లకి అమ్మేసుకున్నాడు. డెన్స్‌మోర్ మాత్రం అమ్మే ప్రతి మెషిన్ మీద వాటా తీసుకునేలా ఉండిపోయి, తర్వాత బాగా గడించాడు. అప్పటికి చూస్తే షోల్స్ చేసిందే తెలివైన పని. 1874లో మార్కెట్‌లోకి వచ్చిన మెషిన్ ధర 125 డాలర్లు, అన్నీ పెద్ద అక్షరాలే, చిన్నవి లేవు. మార్క్ ట్వైన్ ఒకటి కొన్నాడు కానీ మామూలు జనం కొనలేదు. నాలుగైదేళ్ళలో అమ్ముడైనవి 5,000 దరిదాపుల్లో. 1878లో రెమింగ్టన్ 2 నంబర్ మోడల్‌లో షిఫ్ట్ కీ వచ్చింది. ఒకే కమ్మీ మీద పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ. షిఫ్ట్ అంటే అప్పట్లో నిజంగా జరపడమే, కాగితం బండి మొత్తం కొంచెం జరిగేది. ఆ ఏడే షోల్స్‌కి క్వర్టీ వరుస ఉన్న పేటెంట్ వచ్చింది. 1888లో సిన్సినాటిలో జరిగిన టైపింగ్ పోటీలో ఫ్రాంక్ మెక్‌గరిన్ అనే ఆయన కీల వైపు చూడకుండా అన్ని వేళ్ళతో కొట్టి గెలిచాక, ఇక ఆ వరుస కదల్లేదు.

షోల్స్ కూతురు లిలియన్ టైప్‌రైటర్ ముందు కూర్చున్న ఫొటో ఒకటి ఉంది, 1872 నాటిది. పొడవు గౌను, వెలుతురు తక్కువ గది, ముందు బండలాంటి మెషిన్. మొదటి మహిళా టైపిస్టు ఆమే అంటారు. అప్పటిదాకా ఆఫీసుల్లో గుమస్తాలు దాదాపు అంతా మగవాళ్ళే. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి టైపిస్టు అంటే అమ్మాయి అన్నట్టు అయిపోయింది. ఆడవాళ్ళకి బతుకుతెరువు దొరికిందని షోల్స్ చివరి రోజుల్లో చాలా సంతోషపడ్డాడట. కంపోజిటర్ల సమ్మెప్పుడు చేతులు అక్కర్లేని మెషిన్ కోసం చూసిన మనిషి, చివరికి లక్షల చేతులకి పని పెట్టిన మెషిన్ చేశాడు.

మా అమ్మ కూడా ఆ చేతుల్లో ఒకటే. పెళ్ళికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యింది. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అని ఇప్పటికీ నిద్రలో లేపినా చెబుతుంది. పక్కపక్కన పది మెషిన్లు, లైను చివర గంట మోగడం, నల్ల రిబ్బన్ మసి, మాస్టారు కీల మీద అట్టముక్క కప్పి చూడకుండా కొట్టమనడం. మిల్లులో ఆ ఉద్యోగం వచ్చింది కూడా ఆ సర్టిఫికెట్ల వల్లే. షోల్స్ గురించి చెబితే, ఫొటోలో లిలియన్‌ని జూమ్ చేసి చూసి, మణికట్టు అంత కిందకి వంచి కొడితే నొప్పి రాదూ అంది.

షోల్స్‌కి క్షయ పట్టుకుంది. చాలా ఏళ్ళు దాంతోనే నెట్టుకొచ్చాడు. మంచం మీద నుంచి కూడా కొత్త మెషిన్ల పని ఆపలేదు, కొడుకులు కూడా అదే దారిలో సాయం చేశారు. 1889లో ఇంకో కొత్త టైప్‌రైటర్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. ఆ కాగితాల్లో ఉన్న కీబోర్డు బొమ్మ చూసి నాకు మతి పోయింది. అందులో వరుస క్వర్టీ కాదు. ఎక్స్, పి, ఎం, సి, హెచ్ అంటూ పూర్తిగా వేరే. ప్రపంచమంతా ఆయన పాత వరుసకి అలవాటు పడి గట్టిగా పట్టుకున్న రోజుల్లో, ఆయన మాత్రం దాన్ని వదిలేసి ఇంకా మంచిది వెతుకుతున్నాడు. ఆ పేటెంట్ 1896లో వచ్చింది. ఆయన అప్పటికే లేడు. 1890 ఫిబ్రవరి 17న, 71 ఏళ్ళు నిండిన మూడు రోజులకి, మిల్వాకీలో చనిపోయాడు. అక్కడే ఫారెస్ట్ హోమ్ శ్మశానంలో ఉన్నాడు.

నేను ఈ వ్యాసం టైప్ చేస్తున్నది కూడా ఆయన వరుస మీదే. అమ్మ అని రావాలంటే ఏ, ఎం, ఎం, ఏ నొక్కుతాను, మధ్యలో ఒక ప్రోగ్రాం దాన్ని తెలుగు చేస్తుంది. అదీ ఒకరకంగా నొక్కని కీలు నొక్కినట్టు నటించడమే.

మళ్ళీ మిల్లు దగ్గరికి వస్తాను. 30 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాక ప్రోగ్రాం చక్కగా నడిచింది. 212 చీటీలు, ఒక్క తప్పు లేదు. అమ్మ టీ తాగుతూ కూర్చుంది, గడులు వాటంతట అవే నిండుతున్నాయి. నేను పొగడ్త కోసం ఎదురు చూస్తున్నాను. అమ్మ చాలాసేపు స్క్రీన్ వైపే చూసి, ఇది ఓనర్ గారికి చూపించావా అని నెమ్మదిగా అడిగింది. లేదన్నాను. చూపించకు అనలేదు, చూపించు అని కూడా అనలేదు. గ్లాసు కడగడానికి లేచి వెళ్ళిపోయింది. అప్పుడు తట్టింది నాకు. నేను మణికట్టు నొప్పికి మందు రాశాననుకున్నాను. ఆమెకి అందులో వేరే ఏదో కనబడింది. షోల్స్ ప్రెస్‌లో సమ్మె కట్టిన కంపోజిటర్లకి ఆ అక్షరాలు పేర్చే మెషిన్ గురించి తెలిసి ఉంటే వాళ్ళకి ఏం కనబడి ఉండేదో అదే.

మర్నాడు అమ్మే ఒక మార్పు అడిగింది. గడులన్నీ నింపాక ప్రోగ్రాం ఆగాలి, సేవ్ చేసే ఎంటర్ మాత్రం తనే కొడుతుంది. రోజుకి రెండొందల ఎంటర్లు మళ్ళీ నువ్వే కొట్టాలి కదా అని వాదించాను. వేలల్లోంచి రెండొందలకి వచ్చింది, చాలదా అంది. ఆ 450 నువ్వు పట్టుకున్నావా నేను పట్టుకున్నానా అని కూడా అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నా కోడ్‌లో 13 పంపే లైను కామెంట్‌లో ఉంది. చీటీ నిండగానే అన్నీ ఆగిపోతాయి. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, రైతు పేరు చదివి, తూకం గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, చిటికెన వేలితో ఎంటర్ కొడుతుంది.